ఎవేలియో జీపుకు మోకాలి కొలత

ఎవేలియోకి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ వస్తువును చూసినా ముందు వంగి దాని కిందికి చూస్తాడు. చూసి, "కింద ఖాళీ చాల్లేదు" అంటాడు. అన్నాక ఇక ఆ వస్తువు పాత ఎత్తులో ఉండదు.

జీపుతో మొదలైంది. కొండమీది పల్లెలకీ సంతకీ మధ్య జనాన్నీ కాఫీ బస్తాలనీ అరటి గెలలనీ మోసే జీపు అది. ఎవేలియో కంటే రెండేళ్ళు పెద్దది. నాలుగేళ్ళలో దాన్ని నాలుగుసార్లు లేపాడు. కమాన్ పట్టీలు మార్చాడు, వాటికీ ఇరుసుకీ మధ్య ఇనుప దిమ్మలు బిగించాడు, లారీకి పెట్టాల్సిన చక్రాలు దీనికి పెట్టాడు. కొలబద్ద వాడడు, చేత్తోనే కొలత. ఏడాదికి ఒక బెత్తెడు. ఇప్పుడు సంతలో టర్కీ కోడి ఆ జీపు కిందనుంచి మెడ వంచకుండా నడిచి పోతుంది.

తరవాత ఇంట్లోకి వచ్చాడు. కోళ్ళగూడు లేపాడు. పొయ్యి లేపాడు. భోజనాల బల్ల లేపితే, వచ్చిన చుట్టాలు పళ్ళెం అంచుమీద గడ్డం ఆనించి అరేపా రొట్టె తిన్నారు. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టిన రోజున ఆయన భార్య రుబియేలా మూడుసార్లు ఎగిరి, నాలుగోసారికి కుర్చీ తెచ్చుకుంది.

"ఎందుకయ్యా బండికి ఇంత ఎత్తు?" అని అడిగినవాళ్ళకి మనిషికో జవాబు దొరికేది.

"బండికి గాలాడాలి."

"కుక్కలకి నీడ."

"పైన కూర్చుంటే మా బావమరిది ఎంత దూరంలో ఉన్నా కనిపిస్తాడు. తప్పుకోవచ్చు."

ఊరు ఊరంతా నవ్వేది. ఎవేలియో మాత్రం నవ్వేవాడు కాదు. రుబియేలాకీ నవ్వు వచ్చేది కాదు. ఆదివారం చర్చికి వెళ్ళాలంటే ఆమె చంకలో ప్రార్థన పుస్తకంతో పాటు ఒక ముక్కాలిపీట కూడా పెట్టుకోవాలి. మట్టల ఆదివారం నాడు ఆ పీట ఒరిగి, కొత్త గౌను మోకాలినుంచి నడుం దాకా చిరిగింది. చూసినవాళ్ళలో ఫాదరు కూడా ఉన్నారు.

ఆమె నేరుగా తమ్ముడు గిల్దార్దో దగ్గరికి వెళ్ళింది. జీపు డ్రైవర్ల సంఘానికి అతనే అధ్యక్షుడు.

"ఒరే, మీ బావచేత ఒక్క బెత్తెడు దింపించు. నేను చెప్పానని మాత్రం చెప్పకు."

పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. గిల్దార్దో ఆ వారంలోనే సంఘం చేత నియమం పెట్టించాడు: జీపు మొదటి మెట్టు మహిళా ప్రయాణికురాలి మోకాలికంటే ఎత్తుండరాదు. మీరినవారికి వరసలో వంతు రద్దు. వంతు పోయిందంటే జీపు ఉన్నా లేనట్టే. వరసలో లేని బండి దిక్కు సంతలో ఎవరూ చూడరు. ఇరవై ఆరేళ్ళుగా స్టీరింగు తప్ప మరొకటి పట్టని మొగుడు రేపటినుంచి ఏం చేస్తాడు? రుబియేలాకి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఫిర్యాదు తనదే మరి.

శనివారం సంతలో కొలతలు. గిల్దార్దో టేపు పట్టుకుని వచ్చాడు.

ఎవేలియో నెమ్మదిగా అడిగాడు. "మహిళా ప్రయాణికురాలంటే ఎవరు? ఎవరి మోకాలు?"

నియమంలో అది రాయలేదు. ఎవేలియో బడిపంతులమ్మను పిలుచుకొచ్చాడు. ఆవిడ పక్కన నిలబడితే చర్చి గుమ్మం కూడా పొట్టిగా కనిపిస్తుంది. కొలిస్తే ఆవిడ మోకాలు మెట్టుకి రెండు వేళ్ళు తక్కువ వచ్చింది.

"మడమ జోళ్ళు తొడుక్కు రండి పంతులమ్మగారూ."

"జోళ్ళు చెల్లవు బావా. ఒట్టి కాళ్ళే లెక్క," అన్నాడు గిల్దార్దో. "పైగా పంతులమ్మగారు నీ బండి ఎక్కరు. నీ బండి ఎక్కేది ఈవిడ." అని ఓతీలియా అవ్వను ముందుకు తెచ్చాడు. ఏటి అవతల గువాయవాల్ పల్లె ఆమెది. డెబ్బై తొమ్మిదేళ్ళు. ఆ చుట్టుపక్కల అంత పొట్టి మనిషి మరొకరు లేరు.

మెట్టు ఆమె పక్కటెముకల దాకా వచ్చింది.

"అయిపోయింది బావా," అన్నాడు గిల్దార్దో. పాపం, అతనికీ సంతోషంగా లేదు. రుబియేలా ముందుకొచ్చి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని చెప్పబోయింది.

"ఇక్కడ కొలిచారు సరే," అంది ఓతీలియా. "నా మోకాలు ఏట్లో కూడా కొలవండి."

"ఏట్లో ఎందుకవ్వా?"

"మిగతా బండ్లన్నీ మోకాలి ఎత్తులోనే ఉంటాయి నాయనా. ఏటి దాకా వచ్చి, దిగి నడవమంటాయి. అక్కడ నీళ్ళు నా నడుం దాకా. ఈ బండి ఎక్కడానికి ఒకసారి కష్టం, అంతే. మళ్ళీ ఆసుపత్రి దగ్గరే దిగడం."

ఆమె మొగుడు మిసాయేల్‌కి మంగళ, శుక్రవారాల్లో ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేస్తారు. ముప్ఫై ఏళ్ళు ఆ ఏటికి అడ్డంగా కంచరగాడిదల్ని తోలిన మనిషి. మొదటి ఏడాది ఎవేలియో జీపులోకి నీళ్ళొచ్చి ఆయన బూట్లు తడిశాయి. ఎవరో వీపుమీద మోస్తామన్నారు. ఆయన ఇక ఆసుపత్రికి రానన్నాడు.

"మంగళవారం వచ్చేసరికి బండి బెత్తెడు లేచి ఉంది," అంది ఓతీలియా. "దాన్ని చూసి మా ఆయన పగలబడి నవ్వాడు. ఎగతాళి చేస్తూ ఎక్కాడు, ఆ ఎగతాళిలో పడి రానన్న మాట మరిచాడు. ఏటా వానలకి రాళ్ళు దొర్లుకొస్తాయి, ఏరు బెత్తెడు పైకొస్తుంది. బండీ బెత్తెడు లేస్తుంది. తనకోసమని తెలిస్తే ఆయన ఎక్కడు. ఎక్కకపోతే ఎన్నాళ్ళుంటాడు?"

సంతంతా ఎవేలియోవైపు తిరిగింది. ఎవేలియోకి ఎక్కడలేని సిగ్గూ వచ్చింది. ఆయన జీపు కిందికి దూరాడు. సిగ్గేస్తే దూరడానికి సొంతంగా చోటు తయారుచేసుకున్న మనిషి ఆ జిల్లాలో ఆయనొక్కడే.

రుబియేలా వంగి చూసింది. "మరి నా మంచం ఎందుకు లేపావయ్యా?"

"బండి ఒక్కటే లేపితే ఆయనకి అనుమానం రాదూ?" అని లోపలినుంచి జవాబు వచ్చింది.

గిల్దార్దో టేపు చుట్టేశాడు. "నియమంలో మోకాలు అని రాశాం. అది ఎక్కడ నిలబడాలో రాయలేదు. ఏట్లో నిలబెట్టినప్పుడు బండి సరిగ్గానే ఉంది," అన్నాడు. పంతులమ్మతో సహా అందరూ ఒప్పుకున్నారు. మిసాయేల్ చెవిన ఈ మాట వెయ్యకూడదని కూడా ఒప్పుకున్నారు. ఆయన ఎదురుపడితే ఎవేలియోని మామూలుకంటే కాస్త ఎక్కువే ఏడిపించాలని గిల్దార్దో గట్టిగా చెప్పాడు. ఆ పనికి తనే ముందుంటానన్నాడు.

మంగళవారం రుబియేలా కూడా జీపులో వెళ్ళింది. గువాయవాల్‌లో మిసాయేల్ వాకిట్లో నిలబడి, జీపును కిందనుంచి మీది దాకా చూశాడు.

"అమ్మాయ్, మీ ఆయనకి ఈ పిచ్చేమిటి?"

రుబియేలా తన పీట కిందికి దించి, ఆయనకి చెయ్యి అందించింది. "ఏం చెప్పను తాతా. చిన్నప్పుడు బడిలో పొట్టివాడని అందరూ ఏడిపించారట. ఆ కసి బండిమీద తీర్చుకుంటున్నాడు."

ఎవేలియో ఉలిక్కిపడి ఆమెవైపు చూశాడు. వెంటనే గేరు వేశాడు. మిసాయేల్ ఏరు దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు.