డాక్టరుగారి ఆదివారం, టీచరమ్మ సోమవారం

1996 జనవరిలో ఆత్మకూరు బస్టాండుకు అవతల ఉన్న కార్ల షెడ్డులో నన్ను హెడ్ మేస్త్రీని చేశారు. మా పనిలో మెట్లు మూడు. స్పానర్లు అందించి, పార్టులు కిరసనాయిలులో కడిగేవాడు హెల్పరు. బోల్టులు విప్పి బిగించేవాడు మెకానిక్కు. అసలు విప్పాలా వద్దా అని చెప్పేవాడు మేస్త్రీ. ఐదో తరగతితో బడి మానిన నాకు ఆ మూడో మెట్టు ఎక్కడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. ఎక్కిన మూడో నెలలోనే కాలు జారబోయిన సంగతి ఇది.

అప్పట్లో ఉదయగిరి పశువుల ఆసుపత్రిలో దయాకర్ గారు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. అంటే ఆ చుట్టుపక్కల గొడ్డుకైనా గొర్రెకైనా ఆయన మాటే ఆఖరు. కాపురం మాత్రం ఆత్మకూరులో. ఆయన భార్య సుగుణమ్మ గారు ఉదయగిరి దారిలో ఒక పల్లె బడిలో టీచరు. పొద్దున బస్సు ఆ పల్లెకు చేరేసరికి బడిగంట కొట్టేసి ఉండేది. ఆలస్యానికి ఆమె అప్పటికే రెండు మెమోలు అందుకున్నారు. మూడోది వస్తే దూరం బదిలీ తప్పదని పై అధికారి చెప్పేశాడు. అందుకే ఆ ఇంట్లో కారు మాట పుట్టింది.

మాట పుట్టగానే డాక్టరుగారికి మద్రాసులో చదువుకున్న రోజులు గుర్తొచ్చాయి. మద్రాసు అవతల కార్ల పందేల కోసమే వేసిన రోడ్డు ఉంది. దాన్ని ట్రాక్ అంటారు. పందెం లేని రోజుల్లో రుసుం కట్టి ఎవరి కారు వాళ్లు అక్కడ తోలుకోవచ్చు. ఎదురు లారీ రాదు, గేదె అడ్డం పడదు. ఆయన స్నేహితులు ఏడాదికి మూడు నాలుగు ఆదివారాలు అక్కడ కలిసేవారు. కాబట్టి రోజూ బడికి పోయే కారే ఆ ఆదివారాలు పరుగెత్తాలి. అదీ సెకండ్ హ్యాండులో దొరకాలి.

ఇద్దరూ కలిసే షెడ్డుకు వచ్చారు. షరతు పెట్టింది టీచరమ్మ.

“ఆదివారం చర్చికి ఎగ్గొట్టేది మీరూ దేవుడూ చూసుకోండి. సోమవారం బండి నాకు ఎగ్గొడితే మాత్రం ఆ వారమే కారు అమ్మేయాల. ఇంక పందేల మాట ఎత్తకూడదు. మేస్త్రీ, నువ్వే సాక్షి.”

డాక్టరుగారు తల ఊపారు. సాక్షిగా ఉంటావా అని నన్నెవరూ అడగలేదు.

ఆ నెలలో రెండు కార్లు తగిలాయి. మొదటిది ఆత్మకూరులోనే, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనది. బూడిద రంగు, నాలుగు తలుపులు, పదమూడు వందల సీసీ ఇంజను, కంపెనీ వాళ్లు బిగించిందే తప్ప అదనంగా ఒక్క బోల్టు లేదు. డాక్టరుగారు దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

“ఇది పెళ్లిచూపులకు పోయే బండి మేస్త్రీ. దీంట్లో ట్రాక్ మీదికి పోతే వాళ్లు తాంబూలాలు మార్చుకుందామంటారు.”

రెండోది నెల్లూరులో, నాలాంటి మేస్త్రీ ఒకాయన షెడ్డులో ఉంది. ఎర్రది. నేలకు వంచినట్టు కిందికి దించారు. వెడల్పు టైర్లు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే కార్బురేటరు ఏ కారుకైనా ఒకటుంటుంది, దీనికి రెండు. ముందురోజు ఫోన్ చేసి చెప్పి, సెలవు రోజున పది గంటలకు ముగ్గురం వెళ్లాం. కడిగి నీడలో పెట్టి ఉంది. తాళం తిప్పగానే అందుకుంది. డాక్టరుగారు సైలెన్సరు దగ్గర గొంతుక్కూర్చుని, ఎద్దు పొట్ట మీద గొట్టం పెట్టి విన్నట్టు కళ్లు మూసుకుని విన్నారు. ఆ కళ్లు తెరిచేసరికి బేరం సగం అయిపోయింది.

నేను నా పని చేశాను. ప్లగ్గులు విప్పి చూస్తే బిస్కెట్ రంగులో ఉన్నాయి, అంటే పెట్రోలు సరిగా మండుతోంది. సిలిండరు ఎంత ఒత్తిడి నిలుపుకుంటుందో చూసేదాన్ని కంప్రెషన్ టెస్టు అంటారు. నాలుగు సిలిండర్లూ సమానంగా చూపించాయి. ఈ టెస్టు వేడి ఇంజను మీద చేయాలి. ఇంజను ముందే వేడిగా ఉంది కాబట్టి నాకు పని తేలికైంది. ఎందుకు వేడిగా ఉందని నేను అనుకోలేదు. మా షెడ్లలో అది మర్యాద. బండి చూడడానికి మనిషి వస్తున్నాడంటే కడిగి, స్టార్టు చేసి, వెచ్చబెట్టి ఉంచుతాం. చల్లటి బండి చూపించడం చుట్టానికి చల్లారిన కాఫీ ఇచ్చినట్టు లెక్క. నేనూ పంతొమ్మిదేళ్లు అదే చేశాను.

“బండి బాగుండాది సార్,” అన్నాను.

టీచరమ్మ బోనెట్ మీద చెయ్యి పెట్టి టక్కున తీసేశారు. “పొద్దున్నే ఇది ఎవరింటికి పోయి వచ్చినాది?”

“యాడికీ పోలేదమ్మా,” అన్నాడు నెల్లూరు మేస్త్రీ. “మీరొస్తారని నేనే రెడీ చేసి పెట్టినాను.”

“మంచిది నాయనా. ఇంకోసారి వస్తాం. ఎప్పుడనేది చెప్పం.”

తిరుగు బస్సులో ఆమె భర్తను వదల్లేదు. “సంతలో బలంగా కనపడాలని గొడ్డుకు ఉప్పు నాకించి, కడుపు నిండా నీళ్లు తాపి తెస్తే పట్టుకుంటారు గదా. దీనికి ఏం తాపినారో తెలియలేదా?”

“గొడ్డుకైతే డొక్కలు కనపడతాయి,” అన్నారు డాక్టరుగారు.

“కారుకు కనపడవనే గదా మేస్త్రీని తీసకపోయింది.”

నేను కిటికీలోంచి పొలాలు చూశాను. ఆ ఎండాకాలం పొలాల్లో చూడడానికి ఏమీ లేదు.

రెండో శనివారం బడికి సెలవు. తొలి బస్సుకే బయల్దేరి, చెప్పకుండా నెల్లూరు షెడ్డుకు పోయాం. మేస్త్రీ వేపపుల్ల నములుతూ గేటు తీస్తున్నాడు. ఈసారి బోనెట్ మీద నేనే చెయ్యి పెట్టాను. కుండలా చల్లగా ఉంది. డాక్టరుగారు తాళం తిప్పారు. దగ్గింది. మళ్లీ తిప్పారు. ఇంకా దగ్గింది. పెట్రోలు వాసన గుప్పుమంది. ప్లగ్గులు తడిశాయి. విప్పి, తుడిచి, బిగించి, మేస్త్రీని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, దారినపోయే ఇద్దరిని కలుపుకుని నలుగురం వీధి చివరిదాకా తోశాం. తోసినవాళ్లలో డాక్టరుగారు కూడా ఉన్నారు. ముప్పావు గంటకు లేచింది.

టీచరమ్మ వాచీ చూసుకున్నారు. “ఈపాటికి ప్రార్థన అయిపోయి, హాజరు కూడా వేసేసి ఉంటారు.”

నెల్లూరు మేస్త్రీ దాచలేదు. “అబద్ధం చెప్పనమ్మా. దీన్ని గట్టిగా తోలేదానికి తయారు చేసినారు. వేడెక్కితే గుర్రం. చల్లగా ఉన్నప్పుడు రోజూ లేపితే అలగతాది. ఇది ఆదివారం బండి.”

“నాకు వారంలో ఆరు రోజులుండాయి నాయనా.”

మర్నాడు చర్చికి ముందే బ్యాంకు పెద్దాయన ఇంటి గేటు తట్టాం. లుంగీతో చెట్లకు నీళ్లు పోస్తున్నారు. బూడిద కారు బోనెట్ మీద పిల్లి పడుకుని ఉంది. పిల్లిని లేపి చెయ్యి పెట్టి చూశాం. చల్లన. తాళం అర చుట్టు తిరిగేలోపు ఇంజను అందుకుంది. డాక్టరుగారు ధర అడిగారు. మరుసటి వారం అదే కొన్నారు.

ట్రాక్ కోసం దానికి నేను చేసింది కొంచెమే. ట్రాక్ మీద బ్రేకులు విపరీతంగా కాలతాయి. ఆయిలు పాతదైతే మరిగిపోయి, పెడల్ నేలకు దిగిపోతుంది. అందుకని కొత్త బ్రేకు ఆయిలు పోసి గట్టి ప్యాడ్లు వేశాను. ఆదివారాలకు వేరే టైర్ల జత పెట్టాను. ట్రాక్ మీద ముందు ఆగడం రావాలి, తర్వాత తిరగడం, ఆ తర్వాతే పరుగు అని డాక్టరుగారికి చెప్పాను. ఆఖరి చుట్టు బ్రేకు తొక్కకుండా నిదానంగా వేసి బండిని చల్లారనివ్వాలని కూడా చెప్పాను. విన్నారు. సూదికి ముందు గొడ్డు వింటుందే, అట్లా.

బడులు తెరిచాక జూన్ ఆఖరి ఆదివారం మద్రాసు పోయివచ్చారు. సోమవారం ఏడు గంటలకు, సాక్షిని గదా, పిలవకపోయినా వాళ్లింటికి వెళ్లాను. టీచరమ్మ సంచీ భుజాన వేసుకుని, అప్పటికే బోనెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. నన్ను చూసినా చెయ్యి తీయలేదు. డాక్టరుగారు తాళం తిప్పారు. అర చుట్టు. ఆమె చెయ్యి తీసి, ఎక్కి కూర్చున్నారు.

డాక్టరుగారు అద్దం దించి నన్ను దగ్గరికి పిలిచారు. స్నేహితుడి కారు ఒకటి, అదీ రెండు కార్బురేటర్లదే, తనను మూడుసార్లు దాటిపోయిందని చెప్పారు. నాలుగోసారి రాలేదట. లారీ మీద ఇంటికి పోయింది.

“తాంబూలాలు ఎవరూ అడగలేదు మేస్త్రీ. లిఫ్ట్ అడిగినారు.”

“బడికి టైమవతా ఉండాది,” అన్నారు టీచరమ్మ.

మూడో మెమో రాలేదు. ఆ కారు వాళ్ల దగ్గర ఏడేళ్లు ఉంది.

ఆ ఏడాది నుంచి నా షెడ్డులో ఒక అలవాటు మాన్పించాను. అమ్మకానికి ఉన్న బండిని, కొనేవాళ్లు వచ్చేలోపు ఎవరూ స్టార్టు చేయకూడదు. మర్యాద తక్కువని మెకానిక్కులు గొణిగారు, గొణగనిచ్చాను. కంప్రెషన్ వేడి ఇంజను మీద చూడాలి. కొనాలా వద్దా అన్నది చల్లటి ఇంజను మీద తేల్చుకోవాలి. మొదటిది నాకు మా మేస్త్రీ నేర్పాడు. రెండోది, ప్లగ్గుకూ ఫ్యూజుకూ తేడా తెలియని ఒక టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను.