సీమకుక్కకు కాపలా ఉన్న ఎల్లప్ప

నేను చదివింది పూతలపట్టు పక్కన మా ఊరి వీధిబడిలో, అదీ నాలుగో తరగతి వరకే. అయినా చిత్తూరు పశువుల ఆసుపత్రిలో ముప్పై మూడేళ్లు రిజిస్టర్లు రాశాను. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క మెమో లేదు. మందలకు మందలే పోయే ముసర వ్యాధి వచ్చిన ఏడు నలభై రెండు ఊళ్లు నడిచి పశువులకు సూదులు వేయించాను. దానికి ఇచ్చిన మెప్పుకాగితం అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నాను, ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఇంత పనిలోనూ నా కలం ఆగింది ఒక్క రిజిస్టరు రాసేటప్పుడే. అది ఎల్లప్ప కాపలా ఉన్న సీమకుక్కది.

ఎల్లప్ప మా ఆసుపత్రిలో పశువులను పట్టి నిలిపే మనిషి. ఎంత పొగరుబోతు ఎద్దయినా అతను ముక్కుతాడు అందుకుని చెవిలో ఏదో గొణిగితే నిలబడేది. పనికి నేనే కుదిర్చాను. అందుకని నన్ను అన్నా అనేవాడు.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, నలభై ఆరు వేసవిలో, మిషన్ బడిలో పాఠాలు చెప్పే ఆలిస్ దొరసాని సీమ నుంచి తిరిగి వస్తూ ఒక కుక్కను తెచ్చుకుంది. మూతి నిండా గడ్డం, కురచ కాళ్లు, పేరు బెస్సు. సముద్రం దాటి వచ్చే కుక్కకు అక్కడి పశువైద్యుడు రాసిన కాగితం ఉండాలన్నారు, దానికి రోగం లేదని, అది పెరిగిన చోట పిచ్చికుక్కల బాధ లేదని. దొరసాని దగ్గర కాగితం ఉంది. కానీ ఓడలో తడిసి సంతకం, తేదీ అలుక్కుపోయాయి. మద్రాసు రేవులో ఒప్పుకోలేదు. ఆమె బతిమాలితే చివరికి ఒక ఉత్తర్వు రాసి మా దగ్గరికి పంపారు. ముప్పై రోజులు కుక్కను వేరే కొట్టంలో పెట్టాలి. ఒకే మనిషి దానికి తిండీ నీళ్లూ పెట్టాలి. ఇంకెవరు దగ్గరికి పోయినా లెక్క మళ్లీ ఒకటి నుంచి. తిన్నదీ తాగిందీ, చూపూ గొంతూ ఏ రోజుకారోజు రాయాలి. రాసేది నేను, తెలుగులో. డాక్టరు గారు వారానికొకసారి దాన్ని ఇంగ్లీషులో రాసి పంపుతారు. కాపలా ఎల్లప్పకు పడింది.

అయిదో రోజు దాని చెవిలో నెత్తురు తాగే పిడుదు కనబడింది. ఎద్దుకు పీకినట్టే ఎల్లప్ప పీకబోయాడు. బెస్సు అతని బొటనవేలి మొదట్లో పట్టేసింది. మూడు పళ్లు దిగాయి.

డాక్టరు గారు చెయ్యి కడిగించి మందు వేశారు. గాటు చిన్నదే, కుక్క కులాసాగానే ఉంది, పదిరోజులు చూద్దాం అన్నారు. పదిరోజులూ అది బతికి ఉంటే నీకు భయం లేదు, ఈలోగా నీళ్లు ముట్టకపోయినా, చొంగ కార్చినా, గొంతు మారినా వెంటనే పెద్దాసుపత్రికి పోయి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకోవాలి అన్నారు. ఎల్లప్ప తల ఊపాడు. సూదులంటే అతనికి లెక్కలేదు, భయం ఆ రోగమంటేనే. చిన్నప్పుడు వాళ్ల మేనమామ కుక్కకాటుతోనే పోయాడు. నీళ్లచెంబు పట్టుకుని దగ్గరికి పోయినవాడు ఎల్లప్పే. చెంబు చూసి ఆ మనిషి గోడకు కరుచుకుపోయాడట.

ఆ రోజు నుంచి ఎల్లప్ప కూర్చుంది నేను చూడలేదు. కొట్టం చుట్టూ తిరిగేవాడు, సందులోంచి తొంగిచూసేవాడు, మళ్లీ తిరిగేవాడు. పశువును పట్టుకొమ్మంటే తాడు ఒకచోట, చూపు ఒకచోట. గంటకొకసారి కుండ దగ్గరికి పోయి గుక్కెడు నీళ్లు తాగేవాడు. దాహానికని మొదట్లో అనుకున్నాను. తర్వాత తెలిసింది, తన గొంతు దిగుతుందో లేదో చూసుకుంటున్నాడు.

కరిచిన రెండో రోజు మధ్యాహ్నం అతని భార్య మునిలక్ష్మి, ఆమె తమ్ముడు చిన్నబ్బ వచ్చారు. చిన్నబ్బ చేతిలో చింతకట్టె. మా పల్లెల్లో కరిచిన కుక్కను ఆ పూటే కొట్టి చంపేస్తారు. కుక్క పోతే విషం కూడా పోతుందని నమ్మకం. ఎల్లప్ప కొట్టం తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"జరుగు బావా," అన్నాడు చిన్నబ్బ. "కరిసినదాన్ని కాపాడే మొగోణ్ణి ఈడనే సూస్తా ఉండా. మా అక్క తాళి తీసి దీని మెడలో కట్టినావా ఏంది?"

"కట్టినట్టే అనుకో అబ్బా," అన్నాడు ఎల్లప్ప. "దీన్ని ఇప్పుడు సంపితే, పిచ్చిదో మంచిదో ఇంక ఎవురికీ తెలీదు. నేను సచ్చేదాకా నీళ్లు సూసి బయపడతా ఉండాల. ఇది పది దినాలు బతికితేనే నేను బతికినట్టు."

నేను రిజిస్టరు తెచ్చి ఉత్తర్వు చదివి వినిపించాను. చిన్నబ్బకు ఎక్కలేదు. కానీ మునిలక్ష్మి తమ్ముడి చేతిలోని కట్టె తీసుకుని గోడకు ఆనించింది. సందులోంచి కుక్కను చాలాసేపు చూసింది. తమ్ముణ్ణి తీసుకుని వెళ్లిపోయింది.

నాకూ ఇంట్లో కాలు నిలిచేది కాదు. పొద్దున ఏడుకే వచ్చి కలం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఎల్లప్ప తట్టలో, అదే సత్తుపళ్లెంలో, నీళ్లు పోసి, అది నాలుకతో లపలప తాగే చప్పుడు విని, "తాగినాది, రాసుకోన్నా" అనేవాడు. అప్పుడు గాని నేను కలం ముంచేవాణ్ణి కాదు.

కరిచిన ఎనిమిదో రోజు ఆ చప్పుడు రాలేదు.

బెస్సు తట్ట వాసన చూసి మొహం తిప్పుకుంది. ఎల్లప్ప ఇంకో తట్ట మార్చాడు. బావి నుంచి చల్లటి నీళ్లు తోడి తెచ్చాడు. అది మూల పడుకుని కళ్లు మూసుకుంది. అతను నా దగ్గరికి వచ్చేసరికి మొహంలో నెత్తురు లేదు.

"తాగలేదన్నా."

డాక్టరు గారు కాంపుకు పోయారు, సాయంత్రం గాని రారు. నేను కలం ముంచాను, రాయలేకపోయాను. పద పెద్దాసుపత్రికి పోదామంటే అతను కదలలేదు. ఒక్కసారి మునిలక్ష్మికి చెప్పి పోతానన్నాడు. మడి దున్నలేదని, ఎర్రావు చూలుతో ఉందని, ఏవేవో చెబుతూ వాకిట్లో తిరిగాడు. కుండ దగ్గరికి పోయి చెంబు ముంచి, నోటిదాకా తెచ్చి, దించేశాడు. 

మునిలక్ష్మి వీధుల్లో మజ్జిగ అమ్మేది. ఆ వేళకు మా ఆసుపత్రి ముందు నుంచే పోతుంది. పిలిచి చెప్పాను. ఆమె నెత్తిన ఉన్న దుత్త దించి, ఉన్నచోటనే కూలబడింది.

"నేనే తాపినా అన్నా," అంది.

మూడు రోజులుగా, తెల్లవారగానే మజ్జిగ పొయ్యడానికని బయలుదేరి, ముందు మా కొట్టం వెనక్కి వచ్చేదట. అక్కడ ఒక చెక్కపలక ఊడి ఉంది. ఆ సందులోంచి చిప్పతో మజ్జిగ పోసేది. "అది తాగినాదో లేదో సూడకుండా నాకు కాళ్లు ముందరికి పడలే. మీ తమ్మునికి, ఇదో ఈయనకు, సెప్తే కోప్పడతాడని సెప్పలే. ఈ పొద్దు రొంత ఎక్కువ పోసినా."

"ఎంత పోస్తివి?" అన్నాడు ఎల్లప్ప.

"మూడు సిప్పలు."

"తాగినాదా?"

"తాగి ఇంకా మూతి నాక్కుంటా ఉన్నింది."

మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పింది. మూడోసారీ అడిగి, ఎల్లప్ప ఆ దుత్త రెండు చేతులతో ఎత్తి, ఆమె అమ్మకానికి తెచ్చిన మజ్జిగ గడ్డం మీదుగా కారుతుండగా సగం తాగాడు. తాగి తొలిసారి కూర్చున్నాడు.

కాసేపటికి నా చేతిలో కలం చూశాడు. "అన్నా, అది రాయబాకు. లెక్క మొదటికొస్తాది. నాకు పని కూడా పోతాదేమో."

అప్పుడు నాకు పట్టిన చెమట ముసర వ్యాధి ఏట కూడా పట్టలేదు. తమ్ముడిలాంటివాడు. కానీ ఆ రిజిస్టరు నమ్మదగ్గది కాకపోతే, పదో రోజు అది చెప్పే మంచిమాట మాత్రం ఎట్లా నమ్మాలి? రాశాను. పలక ఊడిన సంగతీ, మునిలక్ష్మి మజ్జిగా, మూడు చిప్పలూ, అంతా. ఎల్లప్ప లేచి కొట్టం వైపు పోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

డాక్టరు గారు చదివి అతన్ని చీవాట్లు పెట్టారు, పలక కొట్టించారు, లెక్క ఒకటి నుంచి మొదలుపెట్టించారు. పని మాత్రం తీయలేదు. ఆ రోజు మధ్యాహ్నమే బెస్సు తట్టెడు నీళ్లు తాగింది. కరిచిన పదో రోజు పొద్దున కొట్టంలోంచి చప్పుడు వినబడింది. ఎల్లప్ప బయటికి వచ్చి, "తాగినాది, రాసుకోన్నా" అన్నాడు. రాశాను. ఈసారి కలం ఆగలేదు.

మళ్లీ ముప్పై రోజులు నిండి విడిచిపెట్టిన నాడు దొరసాని గొలుసు పట్టుకుని వాకిట్లో నిలబడింది. తలుపు తీయగానే బెస్సు ఆమె పక్కగా దూసుకుపోయి, కొట్టం వెనక, కొత్తగా కొట్టిన పలక దగ్గర మూతి పెట్టి నిలబడింది. దొరసాని ఎంత పిలిచినా రాలేదు.

ఎల్లప్ప మచ్చపడిన చేత్తో దాని వీపు నిమిరి, నావైపు తిరిగాడు. "మజ్జిగమ్మ కోసరం సూస్తా ఉండాది. ఇది కూడా రాస్తావా అన్నా?"

అదీ రాశాను.