నా ముక్కు చెప్పిన సాక్ష్యం

మీరు ఆఖరుసారి ఒక మనిషిని తాగుబోతు అన్నప్పుడు మీ దగ్గరున్న రుజువు ఏమిటి?

తొందరపడకండి. నా జవాబు ముందు వినండి. నా దగ్గరున్న రుజువు నా ముక్కు.

నేను ఊరందరినీ రుజువు అడిగే మనిషిని. ఈ హిందీ ఉక్కు ఊళ్ళో, కాసిడీహ్ పేటలో జరిగే మా తెలుగువాళ్ళ సభల్లో నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించాను. గాల్లోంచి విభూతి తీసే బాబాగారు వేళ్ళ సందున దాచుకున్న ఉండని ఆయన భక్తుల ముందే బయటికి లాగాను. దెయ్యం ఉందన్నా, దేవుడు పూనాడన్నా, ఫలానా కులం వాళ్ళకి బుద్ధి తక్కువన్నా, నా ప్రశ్న ఒకటే: "చూశారా, విన్నారా, అనుకున్నారా?" ఆ ప్రశ్నకి పెద్దపెద్దవాళ్ళు నీళ్ళు నమలడం చూసి సంతోషించాను. ఎదుటివాడు నీళ్ళు నమిలితే మనం గెలిచామనుకునే జబ్బు నాకు చాలాకాలం ఉంది.

సభలు ఆదివారాలు. మిగతా రోజుల్లో నాది బర్మామైన్స్‌లో మా ఇంటి నుంచి స్కూటరు మీద నది దాటి వెళ్ళి చేసే ఉద్యోగం. ఒక చిన్న కాస్టింగ్ షెడ్డులో కాంట్రాక్టు కూలీల మీద సూపర్‌వైజర్ని. వేడి ఇనుముండే చోటు కాబట్టి తాగినవాళ్ళని లోపలికి పంపకూడదని నియమం. పొద్దున్నే గేటు దగ్గర వరుసగా నిలబెట్టి నోరు ఊదించేవాణ్ణి. ఊదించి చూసే మిషను కూడా ఉండేది, నా డ్రాయర్లో. సెల్స్ అయిపోయి ఏడాది దాటింది. రెండు సెల్స్ కొనడానికి నాకు తీరిక దొరకలేదు. ముక్కుతో అయ్యే పనే కదా అనుకున్నాను.

ఇంకో సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. ఇంజనీర్లని ఊదమనేవాణ్ణి కాదు. మా తెలుగు ఫిట్టర్లని నవ్వి పంపేసేవాణ్ణి. వెల్డర్లని "తాగలేదు కదా" అని నోటితో అడిగేవాణ్ణి. నా ముక్కు వెళ్ళేది సంతాలీ ఆదివాసీ కూలీల నోటి దగ్గరికే.

వాళ్ళలో ఒకావిడ రేజా. అంటే ఇక్కడ మోతపని చేసే ఆడమనిషి. నలభై దాటి ఉంటాయి. ఐదేళ్ళుగా మా షెడ్డులో ఇసుక మోస్తోంది. ఒక్కరోజు ఆలస్యంగా వచ్చింది లేదు. మే నెల పొద్దున ఆవిడ ఊదితే పుల్లటి వాసన గుప్పుమంది. ఏం తాగావని అడిగాను.

ఆవిడ హిందీలో నెమ్మదిగా చెప్పింది. "పరబ్‌కి తాగుతాను బాబూ. తాగిన రోజు పనికి రాను. పొద్దున తిన్నది బాసీ భాత్." పరబ్ అంటే పండగ, బాసీ భాత్ అంటే రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నం.

"మీరంతా అన్నమే అంటారు," అన్నాను నేను. "మీరు తాగే హండియా కల్లు కూడా అన్నంతోనే కదా చేస్తారు."

వరుసంతా నవ్వింది. మా శ్రీకాకుళం ఫిట్టరు వెనకనుంచి అందుకున్నాడు. "ఆళ్ళకి పుట్టగానే ఉగ్గుతో కలిపి పోత్తారు గురూ. నువ్వేటి ఆపుతావు?"

నేనూ నవ్వాను. రిజిస్టరులో ఆవిడ పేరు పక్కన "మత్తులో వచ్చింది" అని రాసి, సంతకం పెట్టి, గేటు పాసు లాక్కున్నాను. ఆ పారిశ్రామికవాడలో షెడ్లన్నిటికీ కూలీలని పంపేది ఒకే కాంట్రాక్టరు. ఒకచోట ఆ మాట పడితే ఇంకెక్కడా పాసు పుట్టదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. అందుకే వాదించకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. తప్పు చేసింది కాబట్టే మాట్లాడలేదని నాకు నేను చెప్పుకున్నాను. నా సభల్లో ఎవరైనా ఇలాంటి తర్కం చేస్తే చెండాడి ఉండేవాణ్ణి.

వారం తిరక్కుండా మా అమ్మ, ఎండలు మండుతున్నాయని, తరవాణి కుండ పెట్టింది. మా వాళ్ళది ఇచ్ఛాపురం వైపు. పులిసిన అన్నం, ఆ పుల్లనీళ్ళు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. గిన్నె ఖాళీ చేసి చొక్కా తొడుక్కుంటుంటే మా అమ్మాయి ముక్కు మూసుకుంది. "పాపా, ముహ్ సే బద్‌బూ ఆ రహీ హై. కుల్లా కర్ లో." నాన్నా, నోరు కంపు కొడుతోంది, పుక్కిలించుకో అంటోంది.

వంటింట్లోకి వెళ్ళి అమ్మని అడిగాను, ఇది అంత వాసన వస్తుందా అని.

"తరవాణి తాగితే తరవాణి వాసన రాక, అత్తరు వాసన వత్తాదా ఏటి?" అంది అమ్మ. "చిన్నప్పుడు నీ నోట్లో ఇదే కంపు. బడికి అట్లాగే ఎల్లేవోడివి."

ఖాళీ గిన్నె తీసి వాసన చూశాను. బాసీ భాత్, తరవాణి ఒకటేనని నాకు తెలియదా? తెలుసు. మా ఇంట్లో అయితే చలవ, ఆవిడ నోట్లో అయితే మత్తు. చూశానా, విన్నానా, అనుకున్నానా?

ఇంకా నాకు నమ్మకం కుదరలేదు. ఎదుటివాళ్ళ మీద పడటానికి ఒక్క క్షణం చాలిన నాకు, నా తప్పు ఒప్పుకోవడానికి పరీక్ష కావాలి. మర్నాడు తరవాణి తాగి వెళ్ళి, గేటు గార్డు కళ్ళకి అతని భుజమ్మీది తువ్వాలు, గంఛానే కట్టి, నలుగురం వరుసగా అతని ముందు ఊదాం. నా దగ్గరికి రాగానే గార్డు తల అడ్డంగా ఊపాడు. వీడు బాగా తాగాడు, బయటికి పంపండి సార్, అన్నాడు. గంఛా విప్పి నన్ను చూశాక నాలుక కరుచుకుని, మీదా సార్, అది పెరుగు వాసన సార్, అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వాసన మారలేదు. మొహం మారింది.

ఇంత తెలిశాక వెంటనే వెళ్ళి దిద్దానని మీరనుకుంటున్నారు. లేదు. కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళానే గానీ, అతను ఒక్క మాటతో నన్ను తిప్పి పంపాడు. నువ్వే రాసి నువ్వే కాదంటే రేపటి నుంచి నీ సంతకం ఎవడు నమ్ముతాడు అన్నాడు. రెండు నెలలు ఊరుకున్నాను. ఆ రెండు నెలల్లోనే కాసిడీహ్‌లో, రుజువు లేని మాట దొంగతనంతో సమానమని ఉపన్యాసం ఇచ్చాను. చప్పట్లు బాగా కొట్టారు.

తరవాత ఒకరోజు ఊళ్ళో అగ్రికో పేటలో ఇల్లు కడుతున్న చోట ఆవిడ కనిపించింది, నెత్తిన ఇటుకలతో. మేస్త్రీ ఏదో అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని జవాబు చెప్పింది. ఇంకొకరితో మాట్లాడినప్పుడూ అంతే. నీళ్ళిచ్చిన పిల్లతో కూడా. అది సిగ్గు కాదు. నేను నేర్పిన అలవాటు. ఆ కొంగు చూశాక ఇంటికొచ్చి, నేను రాసింది అబద్ధమని, మిషను ఉండి కూడా వాడలేదని కాగితం రాసి కాంట్రాక్టరుకిచ్చాను. సంతకం పెట్టాను. అతను చదివి, నీ పీకకి నువ్వే తాడు తెచ్చుకున్నావు అని, పాసు మాత్రం తిరిగి ఇచ్చాడు.

పాసు పట్టుకుని ఆవిడ బస్తీకి వెళ్ళి తప్పయిందన్నాను. ఆవిడ పాసు వైపు చూడలేదు. ఎవరి ముందు తప్పయింది అని అడిగింది. అక్కడ వరుసలో అందరూ నవ్వారు, ఇక్కడ నువ్వూ నేనే ఉన్నాం అంది. ఒక షరతు పెట్టింది. అదే గేటు, అదే వరుస. ఈసారి నేను ఊదాలి, ఆవిడ వాసన చూడాలి.

ఒప్పుకున్నాను. ఆ పొద్దున పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. వరుసంతా చూస్తుండగా నోరు తెరిచి ఊదాను. ఆవిడ కొంగు తీసి, దగ్గరికొచ్చి, నిదానంగా వాసన చూసింది.

"పియా హై," అంది. తాగాడు.

ఫిట్టరు నవ్వబోయి ఆగిపోయాడు. "ఏటి గురూ ఇది?" అన్నాడు. జన్మలో చుక్క ముట్టలేదని నేను గొంతు పెంచాను.

"అందరూ అదే అంటారు బాబూ," అని ఆవిడ చెయ్యి చాపింది. పాసు.

నా మెడలో పాసు తీసి ఇచ్చాను. దాన్ని గార్డు బల్ల మీద పెట్టి ఆవిడ లోపలికి, ఇసుక దగ్గరికి వెళ్ళిపోయింది. పాసు లేదని గార్డు నన్ను లోపలికి పంపలేదు. ఇంజనీరొచ్చి చెప్పేదాకా గంటసేపు గేటు బయట ఎండలో నిలబడ్డాను. నిజం నా పక్షాన ఉంది. రుజువు లేదు. ఆవిడ రెండున్నర నెలలు నిలబడిన చోటు అదే.

మధ్యాహ్నం వెళ్ళి సెల్స్ కొన్నాను. ఇప్పుడు మా గేటు దగ్గర మిషనులో మొదట ఊదేది నేను, తరవాత ఇంజనీరు, తరవాతే ఎవరైనా. ఆవిడ నన్ను క్షమించలేదు. పని మాట తప్ప మాట్లాడదు. క్షమించాలని అడిగే హక్కు నాకు లేదు. కొంగు మాత్రం ఇప్పుడు భుజం మీద ఉంటోంది.

ఇక మీ సంగతి. పనిమనిషి దొంగ అన్నారు, అద్దెకొచ్చినవాడు మురికివాడు అన్నారు, పక్క సీటువాడు రిజర్వేషను సరుకు అన్నారు. ఎవరి గురించి అన్నారో ఆ మొహం ఇప్పుడు మీ కళ్ళ ముందుంది, నాకు తెలుసు. ఈ పుస్తకం మూసెయ్యండి. చాటుగా కాదు, ఆ మాట ఎవరి ముందు అన్నారో వాళ్ళని పోగుచెయ్యండి. ఆ మనిషి ఎదురుగా నిలబడండి. ముందు మీ నోరు తెరవండి.