పిన్ని నాలుగో మనవి

ఆ రోజుల్లో డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రానివాణ్ని మా దెందులూరు వైపు ఎవరూ ఖాళీగా ఉన్నాడనేవారు కాదు, 'కంప్యూటర్ నేర్చుకుంటున్నాడండీ' అనేవారు. నేను రెండేళ్లు నేర్చుకున్నాను. మా ఊరి చర్చికి ఎవరో పాత కంప్యూటరు ఇస్తే దాని ముందూ నేనే కూర్చున్నాను (లేపేవాళ్లు లేరు). ఆదివారం ప్రార్థనలో ఇంటింటి మనవులూ పాస్టరు అయ్యగారు చదివేవారు. చీటీల మీద రాతలు తెలియక ఒకసారి ఒకరి గేదె జబ్బు ఇంకొకరి అత్తగారికి అంటగట్టారు. "దీనికేదన్నా మార్గం చూడు బాబూ" అన్నారు పాపం. అంతే, పైథాన్ అనే కంప్యూటరు భాషలో ఒక ఫంక్షన్ (చిన్న ప్రోగ్రాములెండి) రాసేశాను. ఇంటిపేరూ, మూడు మనవులూ ఇస్తే వరసగా అచ్చేసిస్తుంది. ఆరోగ్యం, పిల్లలు, పంట, మనిషికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. ఇరవై రెండేళ్ల వయసు కదండీ!

మొదటి శనివారమే మా పిన్ని (అమ్మ చెల్లెలు, కొల్లేరు పక్కన రొయ్యల చెరువు వాళ్లది) వచ్చి, "నాకు నాలుగున్నాయిరా" అంది. "మూడే పడతాయి పిన్నీ" అన్నాను. "ముందు కొట్టి చూడరా!" అంది. మూడు మనవులూ కొట్టి, వాటి వెనక 'నాలుగోది' అని కొట్టాను. కంప్యూటరు అడ్డం తిరిగింది, అడిగినదానికన్నా ఒకటి ఎక్కువిచ్చావు పొమ్మంది. "ఒకటి తీసెయ్ పిన్నీ" అన్నాను తేలిగ్గా. "ఏది తియ్యమంటావు? మీ బాబాయ్ మోకాలా, చెల్లి పరీక్షా, రొయ్యలకొచ్చిన తెగులా? ప్రభువుకి లేని లెక్క నీ పెట్టెకెందుకురా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాలుగోదేమిటంటే మాత్రం చెప్పదు. "చోటు చెయ్యి, అప్పుడు చెబుతా" అని వెళ్లిపోయింది.

సిగ్గేసింది. ఏలూరు నెట్ సెంటర్లో ఓ పూటంతా వెతికితే తెలిసింది, ఫంక్షన్‌లో ఆఖరి మనవికి పెట్టిన పేరు ముందు ఒక నక్షత్రం గుర్తు పెడితే చాలట, ఎన్నిచ్చినా మూటకట్టి పుచ్చుకుంటుందట. పెట్టాను. ఎన్నయినా ఇవ్వొచ్చహో అని ఊరంతా చాటాను (బుద్ధి తక్కువై). టైపు పని పిన్ని కూతురికి అప్పజెప్పి, నేను పెద్దమనిషిలా పక్కన నిలబడ్డాను.

ఆదివారం అయ్యగారి చేతిలో కాగితాల కట్ట! ఒకావిడ పదకొండిచ్చింది. అందులో మూడు తోడికోడలి నోటి గురించే, ఆ తోడికోడలు పక్కనే కూర్చుని వింటోంది. ఆ తర్వాత మోటార్లు, దూడలు, గుడ్లు పెట్టని కోడి. ఒంటిగంటన్నరయినా ఆమెన్ లేదు. పిల్లలు ఆకలికి ఏడుపు, పెద్దవాళ్ల చూపులన్నీ నా మీద. చిట్టచివర పిన్ని కాగితం వచ్చింది. మోకాలు, పరీక్ష, తెగులు అయ్యాక అయ్యగారు పోయిన గొంతుతో నాలుగోది చదివారు. "మా అక్క కొడుకు ఆ పెట్టె ముందునుంచి లేచి ఉద్యోగంలో కుదురుకోవాలని."

అంత గట్టి ఆమెన్ ఆ చర్చిలో మళ్లీ వినలేదు (సగం ఆకలి వల్లే అనుకోండి).

ఏడాది తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. అదీ పెట్టె ముందు కూర్చునేదే కాబట్టి పిన్ని మనవి సగమే తీరినట్టు. నాకోసం కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషితో 'ఒకటి తీసెయ్' అన్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, దగ్గరకు పిలిచి చెవి మెలిపెట్టాలనీ ఉంటుంది.