రెడ్డెప్ప సార్ పెట్టిన మంట

ఈ ఉదయం కుప్పంలో మా ఆఫీసు కిటికీలోంచి కాలుతున్న బోదగడ్డి వాసన వచ్చింది. ఎవరో రైతు చేనిగట్టు కాల్చుకుంటున్నాడు, అంతే. అయినా లేచి బయటికెళ్లి, గాలి ఎటు వీస్తోందో చూసి వచ్చాను. ఆ అలవాటు నాకు రెడ్డెప్ప సార్ వల్ల వచ్చింది. పుంగనూరు దగ్గర అడవిలో నేను బీట్ ఆఫీసరుగా చేరినప్పుడు ఆయన మా సెక్షన్ ఆఫీసరు.

మొదటి వేసవిలోనే గుట్టకు నిప్పు పెట్టిన గొర్రెల కాపరి గంగులప్పను పట్టుకున్నాను. కేసు రాయాలని నా తొందర. సార్ అతన్ని నీడలో కూర్చోబెట్టారు.

"యాల పెట్టినావప్పా?"

"ముదురుగడ్డి గొర్రెలు ముట్టవు సార్. కాలిస్తే వానకు లేతది వస్తాది."

"గాలి తిరిగింటే మీ పల్లె ఉండునా?"

గంగులప్ప గుట్ట కింద పల్లె వైపు చూశాడు. సార్ హెచ్చరించి పంపేశారు. "కేసు పెడితే ఈసారి మనకు తెలీకుండా అగ్గి పెడతారమ్మా. అగ్గి కనపడితే ఫోన్ చేసేవాళ్లు కావల్ల మనకు" అన్నారు. నాకది మెత్తదనంగానే తోచింది. ఆ చలికాలం, గడ్డిలో ఇంకా పచ్చి ఉండగానే, ఆ కాపరులనే పిలిచి గుట్ట చుట్టూ బాట వెంబడి గడ్డి కోయించారు. కోసింది వాళ్లే మేతకు తీసుకుపోయారు. వేసవిలో మంట వస్తే దాటకుండా, మిగిలిన మోళ్లను సార్ దగ్గరుండి పట్టీలా కాల్పించారు.

మరుసటి వేసవిలో గంగులప్పే ఫోన్ చేశాడు. "సార్, రోడ్డు పక్క ఎవురో బీడీ పారేసినారు. అగ్గి పల్లెపక్కకు వస్తాండాది!"

మేం చేరేసరికి నిప్పురవ్వలు గాలికి ఎగిరి, మేం కాల్చి ఉంచిన పట్టీని దాటేశాయి. మంటకూ పల్లెకూ మధ్య మిగిలింది సార్ ఏళ్ల తరబడి పెంచిన వేప, కానుగ తోట ఒక్కటే. ఆయన కాసేపు దాన్నే చూశారు.

"పల్లెపక్క నుంచి తోటకు అగ్గి పెట్టండి."

"సార్, మొక్కలు..."

"తోట ముందే కాలిపోయింటే వచ్చే అగ్గికి తినేదానికి ఏముంటాదమ్మా? పెట్టు."

అగ్గిపుల్ల ముందుగా ఆయనే గీశారు. ఇటు ఎగిరొచ్చిన రవ్వలను కాపరులు పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పారు. రెండు మంటలూ తోట మధ్యలో కలుసుకుని, కాలడానికి ఇంకేమీ లేక చల్లారాయి. పల్లెలో ఒక్క గడ్డివామి కూడా అంటుకోలేదు.

సార్ బండిబాట మీద కూర్చుని నీళ్లడిగి తాగారు.

"బాధగా లేదా సార్?" అన్నాను.

"ఉండాది" అన్నారు.

వానలు రాకముందే ఆయన రిటైరై మదనపల్లె వెళ్లిపోయారు. ఆ తోటను మళ్లీ నాటింది నేనూ గంగులప్పా.

ఇప్పుడు కుప్పంలో నేను పెంచిన తోట ఒకటుంది. ఏటా ఎండలు ముదరకముందే దాని చుట్టూ నడిచి వస్తాను. అవసరమొస్తే ఏ పక్క నుంచి అంటించాలో చూసుకుంటాను.