రాయమల్లు ఎర్ర కారు

దుబాయిలో పద్నాలుగేళ్లు రాయమల్లు కార్లు కడిగాడు. ఊరికే నీళ్లు చల్లి తుడిచే పని కాదది. పెద్ద షోరూము వెనక రేకుల షెడ్డులో, చేతులకు మెత్తని తొడుగులు వేసుకుని, ఒక్కో బండిని మూడు నాలుగు గంటలు రుద్ది మెరిపించాలి. అన్నీ స్పోర్ట్స్ కార్లే. నేలకు ఆనుకున్నట్టు కిందికి ఉంటాయి, రెండే తలుపులు, స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరేవి. మెరిసిన కారును బయటికి తీసే పని మాత్రం వేరే వాళ్లది. స్టీరింగు ముందు కూర్చోవద్దని, సీటు తుడిచేటప్పుడు కూడా ఒక కాలు నేల మీదే ఉండాలని సూపర్‌వైజరు మొదటి రోజే చెప్పాడు. పద్నాలుగేళ్లూ ఆ కాలు నేల మీదే ఉంది.

అతనిది హుస్నాబాద్ దగ్గర ఊరు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి బుచ్చవ్వ బీడీలు చేసి పెంచింది. చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే రోజుకు వెయ్యి బీడీలు అయ్యేదాకా లేచేది కాదు. వచ్చిపోయేవాళ్లతో ముచ్చట పెడుతూనే, చేతుల వైపు చూడకుండా చుట్టేది. ఆకు మడిచి మడిచి ఆమె కుడి బొటనవేలి గోరు ఒక పక్కకు అరిగిపోయింది. కొడుకు పైసలు పంపుతున్న రోజుల్లో కూడా బీడీలు మానలేదు. చేతికి పని లేకపోతే నిద్ర రాదనేది.

నలభై ఆరో ఏట రాయమల్లు ఊరికి తిరిగొచ్చాడు. ఎకరన్నర పొలం, భార్య కోమల కుట్టుమిషను, తల్లి. ఇక వెళ్లనని చెప్పాడు. రెండు నెలలు పొలం గట్ల మీద తిరిగి, మూడో నెల హైదరాబాద్ వెళ్లి ఎర్ర కారు తెచ్చాడు. తొమ్మిదేళ్ల పాతది. రెండు తలుపులు, వెనక ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవన్నట్టు ఇరుకైన రెండు సీట్లు. అమ్మినాయన మర్యాదస్తుడు. చాయ్ తెప్పించాడు.

"మంచిగనే నడుస్తదా సార్?" అని రాయమల్లు ఒక్కటే అడిగాడు.

"ఏం ఫికర్ చెయ్యకు. ఆదివారాలు తప్ప బయటికి తియ్యలేదు" అన్నాడాయన.

కారు వాకిట్లో ఆగినప్పుడు కోమల కుట్టుమిషను ఆపి బయటికి వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. "వడ్ల బస్తా పట్టదు, ముగ్గురం సరిగ కూసోలేం. గిదెందుకు తెచ్చినవు?" అంది చివరికి.

రాయమల్లు తల్లిని చెయ్యి పట్టి ముందు సీట్లో కూర్చోబెట్టి ఊరి చుట్టూ తిప్పాడు. దిగడానికి ఆమెకు ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది.

"గుంతల కూసున్నట్టే ఉన్నదిరా" అని నవ్వింది బుచ్చవ్వ. "అయితే అయింది. పోరనికి మోజున్నది, తిరగనీ" అని కోడలికి సర్దిచెప్పింది.

మొదటి వానకు అద్దం కిందికి దిగి మళ్లీ పైకి రాలేదు. కరీంనగర్ బైపాస్ పక్కన సిద్దిరాములు అనే మెకానిక్ ఉన్నాడు. దుబాయిలోనే పనిచేసి వచ్చినవాడు, ఇలాంటి బండ్ల మీద చెయ్యి తిరిగినవాడు. అద్దం మోటరు మార్చాడు. పదిహేను రోజులకు మీటర్ల దగ్గర బల్బులన్నీ ఒక్కసారే వెలిగి ఆరిపోయాయి. అది చూసుకొచ్చాక ఏసీ ఫ్యాను ఆగింది. తర్వాత నడిరోడ్డు మీద ఇంజనే ఆగిపోవడం మొదలైంది. కాసేపు వదిలేస్తే తనంతట తానే స్టార్ట్ అయ్యేది, ఏమీ జరగనట్టు ఇంటిదాకా వచ్చేది. సిద్దిరాములు దగ్గరికి తీసుకెళ్తే అక్కడ ఒక్కసారి కూడా ఆగేది కాదు.

ఊళ్లో దానికి పెండ్లికొడుకు అని పేరు పెట్టారు. "పెండ్లికొడుకు అలిగిండు, తొయ్యుండ్రి" అని నవ్వుకుంటూ నలుగురూ చెయ్యి వేసేవాళ్లు. రాయమల్లు కూడా వాళ్లతో నవ్వేవాడు గానీ ఇంటికి వచ్చాక అన్నం సరిగ్గా తినేవాడు కాదు. పొద్దున్నే లేచి దాన్ని తుడిచేవాడు. ఎక్కడ తప్పుందో తుడిస్తే తెలుస్తుందన్నట్టు ప్రతి అంగుళం తుడిచేవాడు.

ఇంజను ఆగే జబ్బుకు సిద్దిరాములు పెట్రోలు పంపు మార్చాడు. "ఇగ ఆగదనే అనుకుంటున్న. కని గ్యారంటీ ఇయ్యలేనన్నా. దీని వైరింగే నాకు సమజైతలేదు. వారం రోజులు నా దగ్గర ఇడ్సిపెట్టు, మొత్తం ఇప్పి చూస్త" అన్నాడు. వరికోతలు అయ్యాక తెస్తానని రాయమల్లు బండి తీసుకుని వచ్చేశాడు. అది మంగళవారం.

గురువారం పొద్దున ఎనిమిది గంటలప్పుడు బుచ్చవ్వ చెయ్యి తిమ్మిరెక్కుతోందంది. బీడీలు చేసే చెయ్యి, తిమ్మిరి మామూలే అనుకున్నారు. పదకొండున్నరకు చాట ఒళ్లోంచి జారి తంబాకు నేలపాలైంది. కోమల పరుగెత్తుకొచ్చేసరికి అత్త నోరు ఒక పక్కకు పోయి ఉంది. ఏదో చెప్పబోతోంది, మాట రావడం లేదు.

"అంబులెన్సుకు ఫోన్ చేస్తున్న" అంది కోమల. ఇరవై నిమిషాల్లో వస్తామని అవతలివాళ్లు చెప్పారు.

"అది వచ్చేటాల్లకు మనం సగం తొవ్వల ఉంటం. వద్దని చెప్పు" అన్నాడు రాయమల్లు.

"గా బండిని నమ్ముకుంటవా? నిన్నగాక మొన్న..."

"మొన్ననే పంపు మార్చిండు గద! ఎక్కు!"

తల్లిని ఎత్తి ముందు సీట్లో వాల్చాడు. కోమల వెనక ఇరుక్కుని, ముందుకు వంగి అత్త తలను రెండు చేతులతో పట్టుకుంది. కారు ఎప్పుడూ లేనంత బాగా పరుగెత్తింది. చిగురుమామిడి దాటాక, రెండు పక్కలా కోసిన పొలాలు తప్ప ఇల్లు లేని చోట, ఏ చప్పుడూ లేకుండా ఇంజను ఆగిపోయింది.

తాళం చెవి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. బానెట్ ఎత్తాడు, దించాడు. కాసేపు వదిలేస్తే అదే స్టార్ట్ అవుతుందన్న సంగతి అతనికి తెలుసు. ఆ తెలిసిన సంగతే ఇంకొన్ని నిమిషాలు తినేసింది. అంబులెన్సుకు మళ్లీ ఫోన్ చేస్తే బండి ఇంకో కేసు మీద వెళ్లింది, వేరేది పంపుతామన్నారు. రెండు కార్లు ఆగకుండా పోయాయి. కోమల ఏడవలేదు, తిట్టలేదు. చీర చెంగుతో అత్త మూతి తుడుస్తూ "అత్తా, చూడు, నన్ను చూడు" అంటూనే ఉంది.

కరీంనగర్ పోయే పల్లెవెలుగు బస్సుకు రాయమల్లు రోడ్డు మధ్యలో నిలబడి అడ్డం పడ్డాడు. డ్రైవరు తిట్టబోయి, కారులో మనిషిని చూసి ఊరుకున్నాడు. కండక్టరమ్మ వెనక పొడుగు సీటు ఖాళీ చేయించింది. "ఇంక స్టేజీలల్ల ఆపేది లేదు, సీదా దవాఖానకే. ఎవలకన్న తక్లీఫ్ అయితదా?" అని అడిగింది. ఎవరూ కాదనలేదు. ముందు ఊళ్లలో దిగాల్సినవాళ్లు కూడా కరీంనగర్ దాకా వచ్చారు.

దవాఖాన చేరేసరికి ఒంటిగంట దాటింది. స్కానింగ్ చూసిన డాక్టరమ్మ నిదానంగానే చెప్పింది. "మెదడులో రక్తం గడ్డ కట్టింది. మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఒక ఇంజెక్షన్ ఇస్తాం. పొద్దున ఎనిమిదికి తిమ్మిరెక్కినప్పుడే మొదలైంది కాబట్టి ఆ టైం దాటింది. ప్రాణానికి భయం లేదు."

"గంట ముందొస్తే ఇచ్చేటోళ్లా మేడం?"

ఆమె స్కానింగ్ కాగితాలు మడిచి అతని వైపు తిరిగింది. "ఇచ్చేవాళ్లం. ఇచ్చినా ఎంత బాగయ్యేదో నేను చెప్పలేను."

బుచ్చవ్వ పన్నెండు రోజులకు ఇల్లు చేరింది. మాట ముద్దముద్దగా వస్తోంది. కుడికాలు ఈడుస్తోంది. కుడిచెయ్యి మాత్రం పక్కనే వేరేవాళ్ల చెయ్యిలా పడి ఉంటోంది. కోమల చాటను కంటికి కనబడకుండా అటక మీద పెట్టేసింది.

కారును సిద్దిరాములే గొలుసు కట్టి షెడ్డుకు లాక్కెళ్లాడు. నెల తర్వాత రమ్మని ఫోన్ చేశాడు. రాయమల్లు వెళ్లేసరికి సీట్లు విప్పి బయట పెట్టి ఉన్నాయి. సిద్దిరాములు కింద పరిచిన కార్పెట్‌ను చివరిదాకా ఎత్తి చూపించాడు. దాని అడుగున రేకు మీద పసుపు రంగు ఒండ్రు మట్టి పొరలా ఎండిపోయి ఉంది. మట్టిలో గడ్డిపోచలు, ఒక మూలన చిన్న నత్తగుల్ల.

"ఇది నీళ్లల్ల మునిగిన బండి, అన్నా. వరదలొచ్చినప్పుడు రెండు మూడు రోజులు మునిగే ఉంటది. పైన కడిగి పాలిష్ కొట్టి అమ్మిండ్రు." ఒక వైరు చివర గీరి చూపించాడు. రాగి తీగ పచ్చగా, పొడిపొడిగా రాలింది. "లోపల అంతా గిట్లనే. ఒకటి బాగుచేస్తే ఇంకోటి పోతది. పంపు ఎన్నిసార్లు మార్చినా అంతే."

రాయమల్లు ఆ మట్టిని వేలితో తాకి చూశాడు. పద్నాలుగేళ్లు కార్లు కడిగిన మనిషి. ఏడాది పాటు రోజూ ఈ బండిని తుడిచాడు. ఒక్కసారి ఆ కార్పెట్ ఎత్తలేదు.

అక్కడే నిలబడి హైదరాబాద్ ఆయనకు ఫోన్ చేశాడు. "బండి మునిగిన సంగతి నీకు తెల్సా సార్?" "నేను కొన్నప్పుడు నాకు కూడా ఎవరూ చెప్పలేదు. తర్వాత తెలిసింది" అన్నాడాయన. తర్వాత ఫోన్ పెట్టేశాడు.

తల్లికి చెప్పకుండా ఉండలేకపోయాడు. మంచం పక్కన కూర్చుని, అంబులెన్సు వద్దన్నది తానేనని, ఒక గంట వృథా అయిందని, ఆ గంటలోనే చెయ్యి పోయిందని చెప్పాడు. బుచ్చవ్వ పైకప్పు వైపు చూస్తూ విన్నది. ఒక్కో మాటకూ ఆగుతూ అడిగింది.

"తెల్సి... చేసినవా?"

"లేదవ్వా."

"మరి... ఏడ్వకు." తర్వాత కళ్లు మూసుకుంది. క్షమించిందో, అలసిపోయిందో అతనికి తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మందులు, ఫిజియోథెరపీ నడుస్తున్నాయి. బండి అమ్మక తప్పదనుకున్నారు. సిద్దిరాములు నడిచేంతవరకు అతుకులు వేసి ఇచ్చాడు. హుస్నాబాద్‌లో పాత బండ్ల బేరాలు కుదిర్చే హనుమండ్లు ఒక ఆదివారం శ్రీరాంపూర్ నుంచి మొగుడూపెళ్లాలను తీసుకొచ్చాడు. అరుణ్ బొగ్గుబాయిలో పనిచేస్తాడు. కారును చూడగానే ముఖం వెలిగిపోయింది. చుట్టూ తిరిగాడు, కూర్చున్నాడు, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ముందుకు చూశాడు. రాయమల్లు తల తిప్పుకున్నాడు.

అరుణ్ భార్య అలేఖ్య మాత్రం చంకలో పాపను వేసుకుని సూటిగా రాయమల్లు దగ్గరికి వచ్చింది. "అన్నా, మేం దూరం పోయేటోళ్లం. మంచిగనే నడుస్తదా?"

హనుమండ్లు మధ్యలో దూరాడు. "అరే, చెప్పిన గదమ్మా..."

"నువ్వాగు" అన్నాడు రాయమల్లు. ముందు తలుపు తెరిచి, వంగి, కార్పెట్ ఎత్తాడు. మట్టి అలాగే ఉంది, కడగనివ్వలేదు. "ఇది మునిగిన బండి చెల్లె. యాడ ఆగుతదో దానికే తెల్వది. మా అవ్వను దవాఖానకు తీస్కపోతుంటె ఆగింది. అగో, లోపల మంచంల ఉన్నది."

అరుణ్ కారు దిగాడు. అతని ముఖంలో కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది. "గిది ముందే చెప్తే మేం గింత దూరం వచ్చేటోళ్లం కాదు గదన్నా" అన్నాడు. అలేఖ్య లోపలికి వెళ్లి బుచ్చవ్వ మంచం దగ్గర కాసేపు నిలబడి వచ్చింది.

వాళ్లు పోయాక హనుమండ్లు భగ్గుమన్నాడు. "నీకు పిచ్చా? సరే, నాకియ్యి, నేనే కొంట. మహారాష్ట్ర దిక్కు పంపిస్త. నీకు సంబంధం లేదు, పేరు రాదు."

"ఆడ మనుషులు కూసోరా?" అన్నాడు రాయమల్లు.

ఆ మాట మీద కోమల గుమ్మంలోంచి భర్త వైపు చూసింది. కారు వచ్చినప్పటి నుంచి ఆమె అతన్ని అలా చూడటం అదే మొదటిసారి. "ఇయ్యడట. నువ్వు ఇగ పో" అని హనుమండ్లుకు చెప్పింది.

బండిని ముక్కలు చేశారు. సిద్దిరాములు షెడ్డులో నాలుగు రోజులు పట్టింది. బోల్టులు రాయమల్లే విప్పాడు. పనికొచ్చే టైర్లు, సీట్లు వేరు చేసి, వైరింగు మొత్తం కత్తిరించి, ఇంక ఎవరూ అతికించలేనట్టు బాడీని నిలువునా కోయించాడు. ఎర్ర రంగు కాలిన వాసన బట్టల నుంచి చాలా రోజులు పోలేదు. కాగితాలు రద్దు చేయించడానికి రవాణా ఆఫీసుకు మూడుసార్లు తిరిగాడు. ఎందుకింత కష్టపడుతున్నావని గుమాస్తా అడిగితే, పొరపాటున కూడా అది మళ్లీ రోడ్డు మీదికి రావద్దని అన్నాడు.

ఇప్పుడతను సిద్దిరాములు షెడ్డులోనే పొద్దున పూట పనిచేస్తున్నాడు. పాత కారు కొనేవాళ్లు ముందుగా అతనికి చూపించడం మొదలైంది. జమ్మికుంట నుంచి, ఆదిలాబాద్ దిక్కు నుంచి కూడా వస్తారు. అతను రంగు చూడడు, ఇంజను చప్పుడు వినడు. ముందు కార్పెట్ ఎత్తుతాడు, సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి వాసన చూస్తాడు, స్క్రూల సందుల్లో వేలు పెడతాడు. బాగుంటే "తీస్కో" అంటాడు. లేకపోతే అమ్మేవాడి ముందే చెప్పేస్తాడు. అందుకు ఒకసారి దెబ్బలు కూడా తిన్నాడు.

పన్నెండు గంటల బస్సుకు ఇంటికి వస్తాడు. మధ్యాహ్నం తల్లి చేతికి కసరత్తు చేయించే పని అతనిది, దాన్ని ఇంకెవరికీ ఇవ్వడు. ఒక్కో వేలు పట్టి మెల్లగా చాపి, మళ్లీ ముడుస్తాడు. బుచ్చవ్వ ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకుంది. కుడిచేతి చిటికెన వేలు ఈ మధ్య కొద్దిగా కదులుతోంది. బొటనవేలు కదలదు.

"సాలు... పోయి తిను" అంటుంది ఆమె.

"ఇంకో పదిసార్లవ్వా" అంటాడు రాయమల్లు, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతూ.