మనదే సార్

మా పత్రికాఫీసులో ఆయన్ని అందరూ రెండుపడవలు అనేవారు. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే. పొద్దున ఇంట్లో కామిక్స్ గీసి, పగలంతా యానిమేషన్ స్టూడియోలో కూర్చునే మనిషిని మరేమనాలి? మొహం మీదే పిలిచినా నవ్వేవాడు. కోపం రావలసిన చోట నవ్వు రావడం ఆయన జబ్బు. దానికి మందు లేదు, నేను వెతికి చూశాను.

నేను బుడగలవాణ్ణి. పిల్లల వారపత్రికలో బొమ్మల కథలుంటాయి కదా, వాటిలో మనుషుల నోటి దగ్గర తెల్లటి బుడగలుంటాయి. వాటిలో మాటలు చేత్తో రాసేది నేను. ఏడేళ్ళపాటు ఆయన బొమ్మ గీశాడు, నేను మాట రాశాను. ఆ ఏడేళ్ళూ మా ఇద్దరినీ నడిపించింది ఒక ముసలావిడ. పేరు గొడుగుబామ్మ.

ఆవిడ చేతిలో గొడుగు ఎప్పుడూ తెరుచుకోదు. వాన వస్తే దాన్ని పైకెత్తి మబ్బునే తిడుతుంది. అబద్ధమాడినవాడు కనిపిస్తే గొడుగు వంపు వాడి కాలికి తగిలించి బోర్లా పడేస్తుంది. మూతి ఎడమ పక్కకి వంకర. ఎప్పుడూ ఏదో అనబోయి ఆగినట్టుంటుంది. ఆ మూతి ఆయన తల్లిది. మొదటి సంచిక చూసి పెద్దావిడ, "ఊళ్ళో ఇన్ని మూతులుండగా నా మూతే దొరికిందిరా నీకు?" అని కొడుకుని కడిగేసిందట. ఆ తర్వాత ప్రతి వారం పత్రిక ముందుగా ఆవిడ చేతిలో పడాల్సిందే.

ఆయన బొమ్మలేసే చోటు వంటింటి బల్ల. ఐదింటికి లేచి కూర్చునేవాడు. ఏడున్నరకి ఆయన భార్య కూరగాయలు పట్టుకొచ్చి పక్కన నిలబడేది. "బావగారూ, ఈయనకి మీరైనా చెప్పండి. ఆ బామ్మగారు లేస్తే నేను ఉల్లిపాయలు కోసుకోవాలి" అని ఫోన్‌లో నాతో మొరపెట్టుకునేది. చాలా పేజీల అంచులకి నూనె మరకలుండేవి. నేను వాటిని దాటించి బుడగలు నింపేవాణ్ణి.

ఎనిమిదింటికి బస్సెక్కి స్టూడియోకి వెళ్ళేవాడు. అక్కడ ఆయన పని మధ్యబొమ్మలు. ఒక కుందేలు కుర్చీలోంచి లేవాలంటే, కూర్చున్న బొమ్మ ఒకటీ, లేచి నిలబడ్డ బొమ్మ ఒకటీ పెద్ద ఆర్టిస్టు గీస్తాడు. నడుమ అది కొంచెం కొంచెంగా లేచే పది బొమ్మలూ ఈయన గీయాలి. అవి ఈయన గీసినట్టు కనపడకూడదు, అచ్చం పెద్దాయన చేత్తో గీసినట్టే ఉండాలి. ప్రతి పాత్రకీ మోడల్ షీట్ అని ఒకటి గోడకి అంటించి ఉంటుంది. పాత్ర ముందు నుంచి ఎలా ఉంటుందో, పక్క నుంచి ఎలా ఉంటుందో, కోపమొస్తే ఎలా ఉంటుందో అన్నీ అందులోనే. దానికి వెంట్రుకవాసి తేడా వచ్చిందా, ఎర్ర పెన్సిల్ సున్నాతో బొమ్మ వెనక్కొస్తుంది. పన్నెండేళ్ళు ఆయన చెయ్యి అలా పరాయివాళ్ళకి ఊడిగం చేసింది. "పొద్దున ఆ రెండు గంటలూ లేకపోతే, నాకంటూ ఒక గీత ఉందన్న సంగతే మర్చిపోతానన్నయ్యా" అన్నాడొకసారి. ఆ మాట అన్నప్పుడు మాత్రం నవ్వలేదు.

ఇక కాగితం సంగతి. స్టూడియో కాగితానికి కింది అంచున మూడు చిల్లులుంటాయి. బల్లకున్న మూడు మేకులకి వాటిని గుచ్చితే, పది కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టినా బొమ్మ కదలదు. దళసరి కాగితం, తెల్లటిది. మా పత్రిక ఇచ్చే కాగితమా, ఇంకు తగిలితే చాలు, ఊరంతా పాకేది. "అక్కడ ఎలాగూ చెత్తబుట్టలోకి పోయేవేగా, నాలుగు తీసుకురావయ్యా" అన్నది నేనే. ఈ మాట చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

తెచ్చాడు. చిల్లులున్న అంచు బ్లేడుతో కోసేసి పేజీలు గీసేవాడు. కానీ బామ్మని మొట్టమొదట గీసిన ఆరు కాగితాలకి మాత్రం అంచు కోయలేదు. అలవాటుపడ్డ ప్రాణం కదా! స్టూడియోలో పారేస్తుంటే తెచ్చుకున్న మేకుల పట్టీ ఒకటి ఇంట్లో ఉండేది. దాని మీద కాగితాలు గుచ్చి, బామ్మని అన్ని వైపుల నుంచీ తిప్పి తిప్పి గీశాడు. అంతటితో ఆగాడా? స్టూడియోలో ప్రతి కాగితం మూలనా తేదీ వేస్తారు. ఇక్కడా వేశాడు. వంటింట్లో కూర్చుని సొంత బామ్మకి తేదీ వేసుకున్న మహానుభావుడు ఈ భూమ్మీద ఈయనొక్కడే అయ్యుంటాడు.

ఏడేళ్ళ తర్వాత స్టూడియోవాళ్ళకి టీవీ సీరియల్ కోసం కొత్త పాత్ర కావలసి వచ్చింది. ఎవరి దగ్గర ఏముంటే అది తెమ్మన్నారు. ఈయన ఏడేళ్ళ సంచికలూ సంచిలో వేసుకుని వెళ్ళాడు. అవి చాలు. కానీ కొసరుగా ఆ ఆరు కాగితాలూ పెట్టాడు. బామ్మ గుండ్రంగా తిరుగుతుందని చూపించాలని ముచ్చట. మేనేజరు గదిలో నలుగురున్నారు. కాగితాలు వేళ్ళ మధ్య పట్టుకుని టపటపా తిప్పితే బామ్మ గిర్రున తిరిగిందట, అందరూ చప్పట్లు కొట్టారట. మేనేజరు ఒక కాగితం అందుకుని, మూలనున్న తేదీ చదివి, చిల్లుల్ని వేలితో తడిమి, "ఇది మనదేనా?" అని అడిగాడు.

"మనదే సార్" అన్నాడు ఈయన.

జరిగింది అంతే. అడిగింది కాగితం గురించో, బామ్మ గురించో కూడా తిరిగి అడగలేదు. మన భాషలో 'మన' అన్నంత తియ్యటి మోసకారి మాట ఇంకొకటి లేదు. పన్నెండేళ్ళు పనిచేసిన చోట, నలుగురి ముందు, కాగితం మీది సార్, బొమ్మ నాది సార్ అని విడదీసి చెప్పడం మర్యాద కాదనుకున్నాడు. ఇంటికొచ్చినవాడితో "మన ఇల్లే అనుకోండి, కూర్చోండి" అంటాం. వెళ్ళేటప్పుడు వాడు ఇల్లు పట్టుకుపోడు కదా. ఈ మేనేజరు పట్టుకుపోయాడు.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. స్టూడియో సామగ్రి మీద, స్టూడియో ఉద్యోగిగా ఉండగా, పత్రికలో రాకముందే సృష్టించిన పాత్ర గనక, ఆ సంగతి తమరే నలుగురి సమక్షంలో ఒప్పుకున్నారు గనక, గొడుగుబామ్మ మీద సర్వహక్కులూ స్టూడియోవి. సంతకం చేసి పంపవలెను. లేనిచో తమ ఉద్యోగం విషయం ఆలోచించవలసి వస్తుంది.

ఇద్దరం మా ఎడిటర్ దగ్గరకి పరిగెత్తాం. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "మేం పేజీలు వేసుకున్నాం గానీ బామ్మని దత్తత తీసుకోలేదు కదయ్యా. వాళ్ళ ప్రకటన వారం వారం మన వెనక అట్ట మీద వస్తోంది. మీరూ మీరూ చూసుకోండి" అన్నాడు. ప్రతి వార్షికోత్సవానికీ 'మన బామ్మ, మన బామ్మ' అని ఉపన్యాసం దంచిన నోరే అది.

లాయరు మాత్రం నిలబడొచ్చన్నాడు. "ఏడేళ్ళ సంచికలున్నాయి. కాగితం వాళ్ళదైతే కాగితం ఖరీదు కట్టిస్తారు. బొమ్మ ఎలా పోతుంది? కాకపోతే ఉద్యోగం మీద ఆశ వదులుకునే కోర్టుకెక్కాలి." మెట్లు దిగుతుంటే నేను ఈయన చొక్కా పట్టుకుని ఆపాను.

"సంతకం పెట్టకు. సాక్ష్యం నేను చెప్తాను. కాగితం తెమ్మన్నది నేనేనని కూడా చెప్తాను."

"అద్దె ఇల్లు, అమ్మ మందులు. ఎలా అన్నయ్యా? పైగా ఈ సీరియల్‌కి నన్నే పెద్ద ఆర్టిస్టుగా పెడతామని మేనేజరుగారు నోటితో అన్నారు. పేరు వాళ్ళదైతేనేం, గీసేది నేనేగా?"

"కళ్ళముందు గీసిపెట్టిందే లాక్కున్నవాడు, నోటితో అన్నది నిలబెడతాడా?"

నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు సంతకం పెట్టేశాడు. పత్రికలో బామ్మ ఆగిపోయింది. ఆఖరి పేజీ ఆఖరి బుడగలో "మళ్ళీ కలుద్దాం పిల్లలూ" అని రాయమన్నాడు. నేను అబద్ధం రాయలేక ఆ బుడగ ఖాళీగా వదిలేశాను. ఎడిటర్ చూసుకోలేదు, అలాగే అచ్చయింది.

స్టూడియోలో బామ్మని బాగుచేయడానికి బయటి నుంచి ఒక ఆర్టిస్టుని పిలిపించారు. వంకర మూతి చూస్తే పిల్లలు జడుసుకుంటారట, ఆ వచ్చినాయన దాన్ని తిన్నగా చేశాడు. బుగ్గలు పెట్టాడు. గొడుగు తెరిచాడు, దాని మీద పువ్వులేశాడు. కొత్త మోడల్ షీట్ గోడకెక్కింది. ఆ సీరియల్‌లో పని కావాలన్న ప్రతివాడూ ఆ షీట్ చూసి బామ్మని పన్నెండు రకాలుగా గీసి పరీక్ష నెగ్గాలన్నారు. పెద్ద ఆర్టిస్టు ఉద్యోగం మాట అడిగితే, మేనేజరుకి అలా అన్నట్టు గుర్తే లేదు. సరే, అందరితోపాటు ఈయనా పరీక్షకి కూర్చున్నాడు.

తప్పాడు.

పన్నెండుకి పన్నెండూ ఎర్ర సున్నాలతో వెనక్కొచ్చాయి. తెచ్చి నాకు చూపించాడు. ప్రతి బొమ్మలోనూ మూతి తిన్నగా బయల్దేరి, కొస దగ్గరకొచ్చేసరికి ఎడమకి జారిపోయింది. కింద ఎవరో రాశారు: "పాత్ర మీద పట్టు లేదు. మూతి తప్పు. ఇంకా సాధన చేయాలి."

నాకు ఏడుపొచ్చింది. అక్కడే ఏడ్చాను. "నీకన్నా నీ చేతికే పౌరుషముందయ్యా! చూడు, ఒప్పుకోవడం లేదు. ఇవి చించి వాళ్ళ మొహాన కొట్టి వచ్చెయ్" అన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. లాయరుకి ఫోన్ చేశాను. సంతకం పెట్టినా ఇంకా ఏదో దారి ఉండకపోదన్నాడు. ఆ కబురు ఈయనకి అందించాను. ఆలోచించి చెప్తానన్నాడు.

రెండు నెలలు కనపడలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసుకొచ్చాడు. కోర్టు సంగతికే అనుకుని కుర్చీ లాగాను.

"పాసయ్యానన్నయ్యా!" అన్నాడు కూర్చోకుండానే. "రెండోసారి రాశాను. పన్నెండులో ఒక్కదానికీ సున్నా పెట్టలేదు. రోజూ పొద్దున కూర్చుని అదే సాధన. సోమవారం నుంచి నన్ను బామ్మ సీరియల్‌లోకి తీసుకుంటున్నారు, మధ్యబొమ్మలకి."

ఆ సంతోషం దొంగ సంతోషం కాదు. అదే నాకు మింగుడు పడలేదు. నా బల్ల మీది కాగితం ఒకటి ఆయన ముందుకి తోశాను.

"ఏదీ, మన పాత బామ్మని ఒక్కటి గీసిపెట్టు. నా దగ్గరుంచుకుంటాను."

"ఎంతసేపన్నయ్యా!" అని పెన్సిల్ తీసుకున్నాడు. జుట్టు ముడి గీశాడు, నుదుటి మడతలు వేశాడు, మూతి వేశాడు. తిన్నగా వచ్చింది. చెరిపి మళ్ళీ వేశాడు. మళ్ళీ తిన్నగానే వచ్చింది. మూడోసారి చెయ్యి ఎడమకి గుంజి గీశాడు. అది మూతిలా లేదు, గీత తప్పినట్టుంది. రబ్బరు పొట్టు చేత్తో తుడిచేసి కాగితం పక్కకి జరిపాడు.

"ఆ బీరువాలోంచి పాత సంచిక ఏదైనా ఒకటి తియ్యన్నయ్యా" అన్నాడు. "చూసి గీస్తాను."